సామాన్య శాస్త్రపు మార్కు: దాని అర్థము, మన బాధ్యత

(ఖమ్మం – భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామముల పంచాయతీ సభ్యుల సమావేశమున పౌర సంబంధాధికారి చేసిన ప్రసంగ పాఠము)



నేను మీ ముందు నిలుచునప్పుడు పింఛనులను గూర్చియో, ఇండ్ల పథకమును గూర్చియో, దోమల నివారణను గూర్చియో చెప్పుదునని మీరు తలచియుందురు. నేడు వేరొక విషయము తెచ్చితిని. మీ పిల్లలు చదువుకొను ఉన్నత పాఠశాలలో సామాన్య శాస్త్రమునకు మార్కులు ఎట్లు వేయుచున్నారు, ఆ మార్కు దేనికి గుర్తు, పిల్లవానినుండి మనము ఏమి ఆశింపవలెను అనునదియే నేటి నా ప్రసంగ విషయము.

“మార్కులు వేయుట పంతులుగారి పని. పంచాయతీకి దానితో ఏమి సంబంధము?” అని మీలో కొందరికి తోచవచ్చును. నాకును మొదట అట్లే తోచినది. నా అభిప్రాయమును మార్చినవాడు విద్యాధికారి కాడు, ఉపాధ్యాయుడును కాడు. ఒక తునికాకు కార్మికుడు. ఆ సంగతితోనే ఆరంభించెదను.

తునికాకు కట్ట నేర్పిన పాఠము

కొన్ని సంవత్సరముల క్రిందట అడవి అంచున నున్న ఒక గ్రామమునకు ప్రచార కార్యక్రమము నిమిత్తము వెళ్లితిని. ఆ గ్రామము పేరు, ఆ పాఠశాల పేరు చెప్పను. చెప్పవలసిన అవసరమును లేదు. ఆ సాయంత్రము పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశము జరుగుచుండెను. అర్ధ సంవత్సర పరీక్షలు ముగిసి ప్రగతి పత్రములు పంచిన దినమది. ఒక కోయ సోదరుడు, ఏనాడును బడికి వెళ్లనివాడు, తన కుమార్తె ప్రగతి పత్రమును నా చేతికిచ్చి, “సారు, ఇది ఏం చెప్తాంది?” అని అడిగెను.

ఆ బాలిక పదవ తరగతి. సామాన్య శాస్త్రమునకు ఎదురుగా రెండు అంకెలున్నవి. పాఠశాలలో వేసిన అంతర్గత మార్కులు 20కి 19. వ్రాత పరీక్షలో 80కి 14. ఉన్నది ఉన్నట్లు చదివి చెప్పితిని.

అతడు కొంతసేపు ఆలోచించి ఇట్లనెను: “పిల్ల ఒక్కతే గద సారు. ఇరవైకి పందొమ్మిది తెచ్చుకున్న పిల్ల ఎనభైకి పద్నాలుగు ఎట్ల తెచ్చుకుంటది? మేం తునికాకు కట్టకు యాభై ఆకులు పెడతం. ముప్పై పెట్టి యాభై అని చెప్తే కల్లంల కల్లేదారు ఊకుంటడా? కట్ట విప్పి లెక్క పెడతడు. ఈ పందొమ్మిది కట్టను ఎవరన్న విప్పి చూసిండ్రా?”

నేను పట్టభద్రుడను. ఇరువది ఏండ్లుగా ప్రభుత్వ పథకములను ప్రజలకు వివరించుచున్నవాడను. ఆ ప్రశ్నకు నా యొద్ద సమాధానము లేకపోయెను.

ఉపాధ్యాయుని అడిగితిని. ఆయన చెడ్డవాడు కాడు. రెండు ఖాళీల పని తానొక్కడే మోయుచున్న యువకుడు. దాచక చెప్పెను: “అందరికీ పద్దెనిమిది, పందొమ్మిది వేసినామండీ. ప్రాజెక్టులన్నీ గైడు చూసి రాసినవే. చార్టులు పట్నంలో కొన్నవే. నేను నిజంగా వేస్తే మా పిల్లలే నష్టపోతారు. మిగిలిన బడులవాళ్లు వేసుకుంటున్నారు గదా!” ఆ తరువాత మెల్లగా మరియొక మాట చేర్చెను: “ఈ పిల్లలు పాసైతే చాలునండీ. అంతకంటే ఏం ఆశిస్తాం?”

మిత్రులారా, ఆ రెండవ మాట నన్ను ఎక్కువ బాధించినది. అంతలో నేనే ఆ బాలికను పిలిచి ఒక ప్రశ్న వేసితిని. “అమ్మా, ఎండాకాలములో కొత్త కుండలో నీరు చల్లగా నుండును, ఇత్తడి బిందెలో నుండదు. ఏల?” ఆమె తడుముకొనకుండ, “కుండకు సన్నని చెమ్మ పడతది సారు. ఆ చెమ్మ ఎండిపోయేటప్పుడు లోపలి వేడి తీసుకొని పోతది. బిందెకు చెమ్మ రాదు” అనెను. బాష్పీభవనమునకు ఇంతకన్న మంచి వివరణ ఏ పుస్తకములో నున్నది? కాని ఆ ప్రశ్న పరీక్షలో “బాష్పీభవనమును ప్రభావితము చేయు అంశములను వ్రాయుము” అని వచ్చినప్పుడు ఆమె కాగితము ఖాళీగా విడిచినది. తనకు తెలిసినదియు, పుస్తకము అడుగునదియు ఒక్కటే యని ఆమెకు ఎవరును చెప్పలేదు.

కావున ఆ పత్రములోని రెండు అంకెలును అసత్యములే. 19 అను అంకె ఆమె చేయని పనికి వేసినది. 14 అను అంకె ఆమెకు తెలిసినదానిని లెక్కింపనిది. అన్యాయము రెండు వైపుల జరిగినది.

మార్కులు ఎట్లు ఏర్పడుచున్నవి?

ఇప్పుడు ఈ పద్ధతిని కొంచెము వివరించెదను. తెలంగాణలో 6, 7 తరగతులలో సామాన్య శాస్త్రము ఒకే పుస్తకముగా నుండును. 8వ తరగతినుండి భౌతిక రసాయన శాస్త్రము, జీవశాస్త్రము అని రెండుగా విడిపోవును. పదవ తరగతి పరీక్షలో ఈ రెండును కలిసి ఒకే విషయము. రెండు పత్రములు, ఒక్కొక్క దానికి 40 మార్కులు. ఈ 80కి పాఠశాల వేయు 20 చేరి 100 అగును. ఉత్తీర్ణతకు 35 రావలెను. మన కథలోని బాలికకు 19, 14 కలిపి 33. పందొమ్మిది చేయలేని మేలు ఎంతటిదో చూడుడు.

ఈ 80, 20 విభజన 2014–15నుండి అమలులోనికి వచ్చినది. ఆ ఇరువది మార్కులు సంవత్సరములో నాలుగు పర్యాయములు జరుగు నిర్మాణాత్మక మూల్యాంకనములనుండి వచ్చును. ఒక్కొక్క పర్యాయము నాలుగు అంశములు చూతురు. మొదటిది తరగతిలో పిల్లల భాగస్వామ్యము, ప్రతిస్పందన. రెండవది నోటు పుస్తకములోని వ్రాత పని. మూడవది ప్రాజెక్టు పని. నాలుగవది లఘు పరీక్ష. ఒక్కొక్క దానికి ఐదు మార్కులు.

పాఠశాలలు ఈ ఇరువదిని విచ్చలవిడిగా వేయుచున్నవను విమర్శ చాలకాలముగా నున్నది. 2024 నవంబరులో ఈ అంతర్గత మార్కులను తీసివేయుదుమని ప్రభుత్వము ప్రకటించి, తరువాత ఆ నిర్ణయమును వాయిదా వేసినది. మీ ప్రధానోపాధ్యాయుని కలిసి ఈ సంవత్సరమునకు ఏ ఉత్తరువు అమలులో నున్నదో తెలిసికొనుడు. అయితే ఒక మాట గుర్తుంచుకొనుడు. కట్టలో ఆకులు తక్కువగా నున్నవని కట్టలు కట్టుటయే మానివేయుట పరిష్కారము కాదు. లెక్క సరిగా పెట్టుట నేర్వవలెను. పల్లె పిల్లవాడు చేతితో చేయగల పనికి, నోటితో చెప్పగల జ్ఞానమునకు విలువ కట్టు చోటు ఆ ఇరువది మార్కులే. వ్రాత పరీక్ష ఆ పని చేయలేదు.

ఇక గ్రేడులు. 91నుండి 100 వరకు ఏ1, 81నుండి 90 వరకు ఏ2, 71నుండి 80 వరకు బీ1, 61నుండి 70 వరకు బీ2, 51నుండి 60 వరకు సీ1, 41నుండి 50 వరకు సీ2, 35నుండి 40 వరకు డీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2012 పదవ తరగతి ఫలితములనుండి మార్కులకు బదులు గ్రేడులు ఇచ్చిరి. 2025 మార్చి పరీక్షలనుండి తెలంగాణలో మరల మార్కులు చూపుచున్నారు.

ఈ ఆలోచన నేటిది కాదు

గ్రేడులు, అంతర్గత మూల్యాంకనము నిన్న మొన్న పుట్టిన వింతలని కొందరందురు. అది సరికాదు. 1952–53లో డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతన పని చేసిన మాధ్యమిక విద్యా సంఘము సామాన్య శాస్త్రమును విద్యార్థులందరును చదువవలసిన విషయములలో చేర్చవలెననెను. అంకెలకు బదులు అక్షరములతో మార్కులు వేయుట మేలనియు, ఒక్క పరీక్షపైననే ఆధారపడక పాఠశాల ఉంచు రికార్డులను గూడ లెక్కలోనికి తీసికొనవలెననియు ఆ సంఘమే సూచించెను. 1964–66 నాటి కొఠారీ సంఘము మొదటి పది తరగతులలో శాస్త్రము, గణితము అందరికిని తప్పనిసరి చేయవలెనని చెప్పెను. 2009 విద్యాహక్కు చట్టము, 2010 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చినది, ఎనిమిదవ తరగతి వరకు నిరంతర సమగ్ర మూల్యాంకనమును విధించినది.

అనగా డెబ్బది ఏండ్లుగా పెద్దలు చెప్పుచున్నది ఒక్కటే. పిల్లవానిని ఒక్క దినపు పరీక్షతో తూచవద్దు. సంవత్సరము పొడవున చూడుడు. కాని నిజముగా చూడుడు. చివరి మాటయే మన ఊళ్లలో జారిపోవుచున్నది.

మార్కు వేయుట ఎంత కష్టమో గూడ చెప్పవలెను. 1912, 1913 సంవత్సరములలో అమెరికాలో స్టార్చ్, ఎలియట్ అను ఇద్దరు పరిశోధకులు ఒకే సమాధాన పత్రమును అనేకమంది ఉపాధ్యాయులకు పంపి మార్కులు వేయించిరి. ఒకే కాగితమునకు కొందరు చాల ఎక్కువ, కొందరు చాల తక్కువ వేసిరి. రేఖాగణితమువంటి విషయములో సైతము అట్లే జరిగినది. దోషము ఉపాధ్యాయుల నిజాయితీలో లేదు. దేనికి ఎంత వేయవలెనో ముందుగా నిర్ణయించుకొనకపోవుటలో నున్నది.

తక్కువ ఆశించుట గూడ అన్యాయమే

“పాసైతే చాలు” అను మాటకు మరల వచ్చెదను. 1968లో రోసెంతాల్, జేకబ్సన్ అను పండితులు ఒక ప్రయోగ ఫలితమును ప్రకటించిరి. కాలిఫోర్నియాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో చీటీలు తీసినట్లు కొందరు పిల్లలను ఎంచి, “వీరు ఈ సంవత్సరము బాగుగా వృద్ధిలోనికి వత్తురు” అని ఉపాధ్యాయులకు చెప్పిరి. సంవత్సరాంతమున, ముఖ్యముగా చిన్న తరగతులలో, ఆ పిల్లలు తక్కినవారికన్న ఎక్కువ వృద్ధి చూపిరని వారు వ్రాసిరి. ఆ ప్రభావము ఎంత పెద్దది అను విషయమై తరువాత పండితులలో వాదోపవాదములు చాల జరిగినవి. కాని పెద్దలు ఏమి ఆశింతురో దానిని పిల్లవాడు పసిగట్టునను సత్యమును మనము ఇంటిలోనే ఎరుగుదుము. “వీనికి ఏమియు రాదు” అని పది మార్లు అన్న బిడ్డ పదకొండవ మారు ప్రయత్నమే చేయడు.

అడవి పిల్లలనుండి తక్కువ ఆశించుట దయవలె కనిపించును. అది దయ కాదు. ఇంటిలో కోయ మాటలాడు బిడ్డకు “బాష్పోత్సేకము” అను పదము కష్టమే. అది మన తెలుగు పిల్లలకును కష్టమే. కాని ఆకులున్న కొమ్మకు పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి కట్టి, ఎండలో కొంతసేపు ఉంచి, సంచి లోపల పట్టిన నీటి చుక్కలు చూపిన పిమ్మట ఆ పదము ఎవరికిని భయము కలిగింపదు. పిల్లవాడు మొదట తన భాషలో తోటివానికి చెప్పనిండు. పిమ్మట తెలుగులో వ్రాయనిండు. అక్షర దోషమును దిద్దవలసినదే. కాని శాస్త్రపు మార్కు శాస్త్రమునకు వేయవలెను.

వర్షమాపకము కథ

తప్పు చెప్పితిని గనుక ఒప్పు గూడ చెప్పెదను. మరియొక గ్రామములో ఒక ఉపాధ్యాయురాలు జూన్ నెలలో మొదటి వారముననే ప్రాజెక్టు మార్కులు ఐదింటిని గోడ మీద ఇట్లు వ్రాయించినది: నీ ప్రశ్న ఏది – ఒక మార్కు. ఎట్లు కనుగొన్నావు – ఒక మార్కు. చూచినది చూచినట్లు వ్రాసిన పట్టిక – రెండు మార్కులు. దానినుండి నీకు తెలిసినదేమి – ఒక మార్కు. ప్రతి పిల్లవానికిని తననుండి ఏమి ఆశించుచున్నారో ఆ నాలుగు పంక్తులు చెప్పినవి.

ఆ వానకాలము పిల్లలు వర్షమాపకములు చేసిరి. గోడలు నిటారుగా నున్న ప్లాస్టిక్ సీసా పైభాగము కోసి, గరాటువలె తలక్రిందులుగా అదే సీసాలో పెట్టిరి. అడుగున గులకరాళ్లు వేసి, సున్న గీత వరకు నీరు పోసి, ప్రక్కన కొలబద్ద అంటించిరి. ప్రతి ఉదయము ఒకే వేళకు చూచి ఎన్ని మిల్లీమీటర్లో వ్రాసికొని, నీటిని మరల సున్న గీతకు తెత్తురు. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన పడినచో ఒక లీటరు నీరగునని ఆ లెక్కతోనే తెలిసికొనిరి.

ముప్పది దినముల పిమ్మట ఇద్దరు బాలురు పట్టికలు తెచ్చిరి. ఒకనిది రంగు రంగుల గీతలతో, ఒక్క దినమును విడువక, చూడ ముచ్చటగా నున్నది. రెండవవాని పట్టికలో రెండు చోట్ల “ఈ రోజు కొలవలేదు, ఊరికి పోయినాను” అని యున్నది. ఉపాధ్యాయురాలు మొదటివానిని, “పదునాలుగవ తేదీన బడి చుట్టు చినుకు లేదు గదా, నీ సీసాలో పన్నెండు మిల్లీమీటర్లు ఎక్కడినుండి వచ్చినవి?” అని అడిగినది. వాడు తల వంచుకొనెను. పట్టికకు నిర్ణయించిన రెండు మార్కులు రెండవవానికి దక్కినవి. మొదటివానికి ఆమె కోపపడలేదు. మరి పదిహేను దినములు కొలిచి తెమ్మని, తెచ్చిన పిమ్మట అతనికిని ఆ మార్కులు వేసినది.

శాస్త్రము అనగా ఇదియే గదా! చూచినది వ్రాయుట, చూడనిది వ్రాయకుండుట. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నది ఇట్టి ఓపికతోనే. దోమ తరువాత దోమను కోసి, కనిపించినది కనిపించినట్లు వ్రాసికొనుచు పోయెను. ఆ పనికే 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చినది. మలేరియా జ్వరముతో ఎన్నో ఏండ్లు పోరాడిన ఈ ఏజెన్సీ ప్రాంతపు పిల్లలు ఆ కథ తప్పక తెలిసికొనదగినవారు.

మన అడవియే ప్రయోగశాల

“మా బడిలో ప్రయోగశాల లేదు” అను మాట తరచుగా వినుచుందుము. ప్రయోగశాల కావలసినదే, దానికొరకు అడుగుట మీ హక్కు. కాని అది వచ్చు వరకు చేతులు ముడుచుకొని కూర్చుండవలసిన పని లేదు.

భద్రాచలము వద్ద గోదావరి నీటి మట్టమును అధికారులు కొలుచుచుందురు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది. జూలై, ఆగస్టు నెలలలో దినదినము ప్రకటించు మట్టమును వ్రాసికొని, గ్రాఫు గీసి, ఎగువన వాన పడిన ఎన్ని దినములకు ఇక్కడ నీరు పెరిగినదో చూచిన విద్యార్థికి ఐదు మార్కులు ఎవరు కాదనగలరు? ఆ పట్టిక మీ పంచాయతీకి గూడ పనికివచ్చును.

1969 ఏప్రిల్ 13న భద్రాచలము ప్రాంతమున 5.7 తీవ్రతతో భూకంపము వచ్చినది. 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతమున వచ్చిన భూకంపము మీలో చాలమందికి తెలిసినదే. ఆ నాటి వృద్ధులను కలిసి, ఏ వేళ వచ్చినది, ఏయే గోడలు పగిలినవి, నేల ఏ వైపు ఊగినట్లు తోచినది అని అడిగి వ్రాసికొనుట గొప్ప క్షేత్ర పరిశీలన.

మీ ఊరి మంచినీటి ట్యాంకు మరియొక ప్రయోగశాల. బ్లీచింగు పొడి కలిపిన నీటిలో చివరి కుళాయి వద్ద లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెనని ప్రమాణము. క్లోరిను పరీక్షించు చిన్న పెట్టెతో వారమునకొకసారి పిల్లలు పరీక్షించి పంచాయతీ నోటీసు బోర్డు మీద వ్రాసినచో పిల్లలకు శాస్త్రము, ఊరికి ఆరోగ్యము, రెండును దక్కును.

ఇప్ప పువ్వు ఎట్లు పులియును, తునికాకు ఎండినపుడు ఎంత బరువు తగ్గును, ఏ చెట్టు ఆకు ఎప్పుడు రాలును అను ప్రశ్నలకు మీ ఇంటి అవ్వలకు, తాతలకు సగము సమాధానములు తెలియును. మిగిలిన సగమును పిల్లవాడు త్రాసుతో, గడియారముతో కనుగొనవలెను.

పంచాయతీ సభ్యులు అడుగవలసిన ఐదు ప్రశ్నలు

పాఠశాలకు వెళ్లినపుడు ఈ ఐదు ప్రశ్నలు మర్యాదగా అడుగుడు.

1. ఈ సంవత్సరము సామాన్య శాస్త్రములో పిల్లలనుండి ఏమి ఆశించుచున్నారో వారికి ముందుగా చెప్పినారా? అది గోడ మీద గాని నోటు పుస్తకములో గాని వ్రాసియున్నదా?

2. అంతర్గత మార్కులు వేసిన పని ఏది? ఆ ప్రాజెక్టు, ఆ నోటు పుస్తకము చూడవచ్చునా? పేర్లు అక్కరలేదు; ఐదు కట్టలు విప్పి చూచిన చాలును.

3. అంతర్గత మార్కులకును వ్రాత పరీక్ష మార్కులకును చాల దూరమున్న పిల్లలెందరు? వారికొరకు ఏమి చేయుచున్నారు?

4. మొదటి పర్యాయము తప్పిన పనిని దిద్దుకొని మరల చూపుటకు అవకాశమున్నదా?

5. మా పంచాయతీ ఏ సహాయము చేయవలెను? బీరువాయా, నీటి కుళాయియా, విద్యుత్తా, త్రాసా?

ఈ ప్రశ్నలు అడుగుటకు మీకు అధికారమున్నదా యని సందేహింపవలదు. పిల్లల హాజరు, నేర్చుకొను శక్తి, ప్రగతి తల్లిదండ్రులకు తెలుపుట ఉపాధ్యాయుని విధిగా విద్యాహక్కు చట్టము 24వ విభాగము చెప్పుచున్నది. ఆ చట్టము ఎనిమిదవ తరగతి వరకే వర్తించినను ఆ ధర్మము పదవ తరగతికి వర్తింపదని ఎవరనగలరు? 2024నుండి పాఠశాలలలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పని చేయుచున్నవి. ఆ తల్లులతో కలిసి వెళ్లుడు. ఆశ్రమ పాఠశాలలలో నుండు పిల్లల తల్లిదండ్రులకు దూరము వలన వచ్చుట కష్టము; వారి తరఫున మీరే వెళ్లి ప్రగతి పత్రమును చదివి వినిపింపుడు.

రెండు చేయకూడని పనులు

మొదటిది. ఒక సర్పంచి గారు ప్రధానోపాధ్యాయునికి ఫోను చేసి, “మా వాడికి ఇరవైకి ఇరవై వేయించండి” అనుట నేను స్వయముగా విన్నాను. దయచేసి ఆ పని చేయవలదు. మీ పదవి చూచి వేసిన మార్కు మీ బిడ్డను మోసగించుటయే గాక, పనిచేసి సంపాదించుకొన్న పొరుగు బిడ్డ మార్కును గూడ చిల్లర చేయును.

రెండవది. మార్చి, ఏప్రిల్ నెలలలో ఇప్ప పువ్వు రాలును. తెల్లవారక ముందే ఇంటిల్లిపాది అడవికి పోవుదురు. దాని వెంటనే తునికాకు వచ్చును. పదవ తరగతి పరీక్షలును ఆ మార్చి, ఏప్రిల్ నెలలలోనే. ఇంటికి డబ్బు వచ్చు కాలమది, నేను కాదనను. కాని పదవ తరగతి బిడ్డను ఆ కొలది వారములు ఇంటివద్ద చదువుకొననిండని గ్రామ సభలో ఒక మాట అనుకొనుడు. పాఠశాల గోడ మీద ఎన్ని ఆశలు వ్రాసినను తెల్లవారుజామున మూడింటికి లేచి గంప మోసిన బిడ్డ తరగతిలో నిద్రపోవును.

ముగింపు

మొదట చెప్పిన బాలిక సంగతి మీరు అడుగుదురని తెలియును. ఆ సమావేశము తరువాత ఆ ఉపాధ్యాయుడు కట్టలు విప్పుట మొదలు పెట్టెను. వారమునకొక సాయంత్రము పిల్లలను కూర్చుండబెట్టి, ఇంటిలో చూచిన ఒక విషయమును చెప్పించి, అది పుస్తకములో ఏ పాఠమో వెదకించి, దానినే పరీక్షలో అడుగు రీతిగా వ్రాయించెను. తరువాతి పర్యాయము అంతర్గత మార్కులు నిజముగా వేసెను. ఆ బాలికకు 19కి బదులు 12 వచ్చినవి.

తండ్రి కోపించునేమోయని ఉపాధ్యాయుడు భయపడెనట. మరల ఆ ఊరికి నేను వెళ్లినపుడు ఆ తండ్రియే నాకెదురై చెప్పెను: “ఈసారి పన్నెండే సారు. బిడ్డ వానకొలత డబ్బా చేసింది, నేను జూసిన. కట్టల ఆకులు సరిగ్గ ఉన్నయి.”

మార్చి పరీక్షలో ఆమె సామాన్య శాస్త్రమున ఉత్తీర్ణురాలైనది. గొప్ప మార్కులు కావు. కాని ప్రతి మార్కును ఆమెదే.

మీ తరువాతి పంచాయతీ సమావేశపు అజెండాలో పాఠశాలకు ఒక అంశమును చేర్చుడు. వెళ్లు తేదీని అక్కడనే నిర్ణయించుకొనుడు. ఒక గంట చాలును. ఐదు ప్రశ్నలు చాలును.